రన్నీమీడ్ పచ్చిక మీద

రెడింగ్‌లో ఉంటున్న మా అమ్మాయి దగ్గరకు ఈ వేసవిలో వెళ్ళినప్పుడు, లండన్‌లో ఏమేమి చూడాలో తను పెద్ద పట్టికే తయారుచేసి పెట్టుకుంది. నాకు మాత్రం రెండు చోట్లు చాలని చెప్పాను. ఒకటి సాలిస్‌బరీ, రెండోది రన్నీమీడ్. ఇంగ్లండు రాజు తన అధికారానికి హద్దులు ఒప్పుకున్న మాగ్నా కార్టా అనే పత్రం మొదటి చోట ఉంది, పుట్టింది రెండో చోట. చీరాల ప్రాంతపు కోర్టుల్లో ముప్పై ఏళ్ళుగా క్రిమినల్ కేసులు వాదిస్తున్న నాకు మాగ్నా కార్టా అంటే లా కాలేజీ మొదటి సంవత్సరంలో అయిదు మార్కుల ప్రశ్నకు రాసిన జవాబుగానే మిగిలిపోయింది. 1215, జాన్ రాజు, చట్టబద్ధ పాలనకు పునాది అని మూడు ముక్కలు రాసి బయటపడ్డాను. తరవాత ప్రతి బెయిలు పిటిషన్‌లోనూ నేను అడుగుతున్నది ఆ పత్రంలో ఉన్న ఒక్క వాక్యాన్నే అని తెలిసినా, ఆ వాక్యం ఎక్కడ పుట్టిందో చూడాలన్న కోరిక తీరడానికి ఇన్నేళ్ళు పట్టింది.

రెడింగ్ నుంచి బేసింగ్‌స్టోక్‌లో రైలు మారి సాలిస్‌బరీ చేరాము. ఊళ్ళో ఏ సందులోంచి చూసినా కెథడ్రల్ శిఖరం కనిపిస్తూనే ఉంటుంది. దాని ఎత్తు 123 మీటర్లు, బ్రిటన్‌లోని చర్చి శిఖరాలన్నిటిలోకీ అదే ఎత్తయినది. ఆ పక్కనే చాప్టర్ హౌస్ అనే ఎనిమిది మూలల మండపం ఉంది. నడుమ ఒకే స్తంభం, దాని మీద గొడుగు ఊచల్లా విచ్చుకున్న రాతి కప్పు, చుట్టూ గోడల మీద బైబిల్ కథలు చెక్కిన శిల్పాలు. ఆ మండపంలోనే ఒక చిన్న గుడారం వంటి చీకటి గదిలో, మసక వెలుతురులో, అద్దం వెనుక ఆ పత్రం ఉంది. 1215 నాటి మూల ప్రతులు ప్రపంచంలో నాలుగే మిగిలాయి. రెండు బ్రిటిష్ లైబ్రరీలో, ఒకటి లింకన్‌లో, ఒకటి ఇక్కడ.

నేను ఊహించుకున్నది పెద్ద గ్రంథాన్ని. చూసింది ఒక్క గొర్రెతోలు. ఒకే తోలు మీద దాదాపు మూడున్నర వేల లాటిన్ మాటలు, చీమల బారుల్లా, పేరాలు లేకుండా, అంకెలు లేకుండా కుదించి రాశారు. ఇప్పుడు మనం చెప్పుకునే 63 క్లాజుల లెక్క తరవాతి కాలపు పండితులు వేసుకున్నది. చోటు కలిసిరావడానికి మాటల్ని విరిచి, పైన చిన్న గీతలు పెట్టి రాసిన ఆ పద్ధతి చూస్తే, మా సీనియర్ గారి దగ్గర జూనియర్‌గా ఉన్న రోజుల్లో, గొలుసుకట్టు రాతలో ఉన్న పాత దస్తావేజులను వేలు పెట్టి కూడబలుక్కున్న సంగతి గుర్తొచ్చింది. రాజు సంతకం కోసం వెతికేవాళ్ళు ఎందరో ఉంటారట. సంతకం లేదు. ఆ రోజుల్లో రాజు సంతకం చేయడు, ముద్ర వేయిస్తాడు. ఈ ప్రతికి ఆ ముద్ర కూడా ఇప్పుడు లేదు.

అక్కడ స్వచ్ఛందంగా పనిచేస్తున్న ఒక పెద్దావిడ, నేను న్యాయవాదినని తెలుసుకుని, గోడ మీది అనువాదాన్నీ అద్దం వెనుక వరుసలనూ పక్కపక్కన పెట్టి ఓపికగా చూపించారు. 'నుల్లి వెందేముస్, నుల్లి నెగాబిముస్ ఔత్ డిఫెరేముస్.' న్యాయాన్ని ఎవరికీ అమ్మము, ఎవరికీ నిరాకరించము, ఎవరికీ ఆలస్యం చేయము. అమ్మడం, నిరాకరించడం అనే రెండు నేరాల పక్కన ఆలస్యాన్ని కూడా అదే వాక్యంలో, అదే వరుసలో నిలబెట్టారన్న సంగతిని నేను పుస్తకంలో ఎన్నోసార్లు చదివి ఉంటాను. ఆ తోలు ముందు నిలబడేదాకా అది నాకు తగలలేదు.

ఆ పత్రమంతా మహోన్నతమైన ఆదర్శాలే అనుకుంటే పొరపాటు. దానిలో ఎక్కువ భాగం రాజుగారి ఉద్యోగుల ఆగడాల మీద రైతులూ వ్యాపారులూ భూస్వాములూ చెప్పుకున్న ఫిర్యాదుల చిట్టా. కోట అధికారి ఎవరి ధాన్యమైనా తీసుకుంటే అక్కడికక్కడే డబ్బు చెల్లించాలి. యజమాని ఒప్పుకోకుండా అతని గుర్రాన్నీ బండినీ లాక్కోకూడదు. థేమ్స్ నదికి అడ్డంగా కట్టిన చేపల కట్టలు తీసేయాలి. భర్త పోయిన స్త్రీని ఇష్టం లేకుండా మళ్ళీ పెళ్ళి చేసుకొమ్మని బలవంతం చేయకూడదు. దేశపు చట్టం తెలిసినవారినే న్యాయాధికారులుగా నియమించాలి. వీటి నడుమ ఇరవయ్యో క్లాజు దగ్గర నేను చాలాసేపు ఆగాను. జరిమానా తప్పుకు తగినంతే ఉండాలట, అది కూడా మనిషి బతుకుతెరువును వదిలిపెట్టి వేయాలట. వర్తకుడికి అతని సరుకు, పాలేరు రైతుకు అతని సేద్యపు సాధనాలు మిగలాలి. మన సివిల్ ప్రొసీజర్ కోడ్ అరవయ్యో సెక్షన్ ప్రకారం అప్పు డిక్రీ అమలుచేసేటప్పుడు రైతు నాగలిని, ఎడ్లను, విత్తనపు గింజలను జప్తు చేయకూడదు. జప్తుకు వచ్చిన కోర్టు అమీను ఇంటి ముందు నిలబడిన రోజున ఆ సెక్షన్ చదివి వినిపించి ఒక రైతు కాడెడ్లను విడిపించిన అనుభవం నాకుంది. అందువల్ల ఆ క్లాజు నాకు పాత చుట్టంలా అనిపించింది.

ఇవన్నీ రాయించుకోవలసిన అవసరం ఎందుకు వచ్చిందో కూడా చెప్పాలి. జాన్ రాజు 1204లో ఫ్రాన్సులో తనకున్న నార్మండీ ప్రాంతాన్ని పోగొట్టుకున్నాడు. దాన్ని తిరిగి గెలవడానికి పదేళ్ళపాటు రకరకాల పేర్లతో డబ్బు పిండాడు. వారసత్వపు భూమి చేతికి రావాలన్నా, దావా విచారణకు రావాలన్నా, మళ్ళీ పెళ్ళి చేసుకోకుండా ఉండనివ్వాలన్నా రాజుకు డబ్బు కట్టాలి. జాన్ మాజీ భార్యను పెళ్ళాడినందుకు జెఫ్రీ డి మాండెవిల్ అనే ప్రభువు మీద 20,000 మార్కుల (ఆనాటి డబ్బు లెక్క) రుసుము మోపాడు. ఒకప్పటి తన ఆప్తుడు విలియం డి బ్రోస్ మీద పగబట్టి, అతని భార్య మెటిల్డాను, కొడుకును చెరలో పెట్టించాడు. ఆ తల్లీకొడుకులు 1210లో ఆకలితో మాడి చనిపోయారు. విచారణ లేదు, తీర్పు లేదు. 1214లో బూవీన్ దగ్గర ఫ్రాన్సు సైన్యం చేతిలో రాజు పక్షం ఓడిపోయింది, ఖజానా ఖాళీ అయింది, మరుసటి మే నెలలో తిరుగుబాటు ప్రభువులు లండన్‌ను పట్టుకున్నారు. రాజుకు వేరే దారి లేక విండ్సర్‌కూ స్టేన్స్‌కూ మధ్య ఉన్న గడ్డి మైదానానికి వచ్చాడు. పత్రం మీద ఉన్న తేది 1215 జూన్ 15.

ఆ మైదానాన్ని చూడడానికి తరవాతి శనివారం మా మనవణ్ణి వెంటబెట్టుకుని బయలుదేరాను. వాడికి తొమ్మిదేళ్ళు. రెడింగ్ నుంచి ఎగమ్ స్టేషన్‌కు నేరుగా రైలుంది. అక్కణ్ణుంచి నడిచి వెళ్ళవచ్చు. ఒకవైపు థేమ్స్, మరోవైపు చెట్లు కమ్మిన కూపర్స్ హిల్ అనే గుట్ట, నడుమ మోకాలెత్తు గడ్డి. తల మీదుగా హీత్రో విమానాలు ఒకదాని వెనుక ఒకటి పోతూనే ఉన్నాయి. ఇక్కడ కోట లేదు, శిథిలం లేదు, రాజు కూర్చున్న చోటు ఇదీ అని చూపించే రాయి కూడా లేదు. నదికి ఆవలి ఒడ్డున అంకర్‌విక్‌లో వేల ఏళ్ళ వయసున్న ఒక యూ చెట్టు ఉందనీ, ఆ ఒప్పందం దాని కిందే జరిగిందని నమ్మేవాళ్ళున్నారనీ మా అమ్మాయి చెప్పింది. బురద నేల కాబట్టి సైన్యాలు ఇక్కడ యుద్ధానికి దిగలేవు, రెండు పక్షాలకూ సమదూరంలో ఉంటుంది కాబట్టి ఎవరి ఊళ్ళోకీ ఎవరూ రావలసిన పని లేదు. రాజీలకు పొలిమేర మీది చోటునే ఎంచుకునే మన పల్లెల పెద్దలకు కూడా ఈ లెక్క తెలిసినదే.

పచ్చిక చివర, గుట్ట మొదట్లో గుండ్రటి కట్టడం ఒకటి ఉంది. మార్క్ వాలింజర్ అనే కళాకారుడు 2018లో రూపొందించాడు. లోపలికి వెళ్తే కప్పు మధ్యలో ఆకాశానికి తెరిచిన గుండ్రటి ఖాళీ, దాని కింద అంతే గుండ్రంగా ఒక నీటి తొట్టి. తొట్టి లోపలి అంచు చుట్టూ అక్షరాలు చెక్కి ఉన్నాయి కానీ ఎంత చూసినా అర్థం కావు. నేను కళ్ళజోడు సవరించుకుంటూ ఉండగా మా మనవడు తొట్టి మీదికి వంగి, "అమ్మమ్మా, గోడ మీద కాదు, నీళ్ళలో చదువు" అన్నాడు. అక్షరాలను తలకిందులుగా చెక్కారు. నీటి నీడలో అవి సరిగ్గా నిలబడ్డాయి. ముప్పై తొమ్మిదో క్లాజు. ఏ స్వతంత్రుడినీ పట్టుకోకూడదు, చెరలో పెట్టకూడదు, అతని హక్కులనూ ఆస్తినీ లాక్కోకూడదు, దేశం నుంచి వెళ్ళగొట్టకూడదు, తన సమానులు న్యాయంగా ఇచ్చిన తీర్పు వల్లగానీ దేశపు చట్టం వల్లగానీ తప్ప. తొట్టి చుట్టూ నడుస్తూ, ఒక్కొక్క మాటే నీళ్ళలోంచి ఏరుకుంటూ చదవాలి. గాలి వస్తే అక్షరాలు చెదిరిపోతాయి, కాసేపు ఆగితే మళ్ళీ కుదురుకుంటాయి.

ఆ పత్రం చరిత్ర కూడా అలాగే నడిచింది. ముద్ర వేసిన పది వారాలకే, ఆగస్టు 24న పోప్ మూడో ఇన్నొసెంట్ అది బలవంతంగా రాయించుకున్నదని చెప్పి చెల్లదని ప్రకటించాడు. అంతర్యుద్ధం మొదలైంది. లెక్క ప్రకారం మాగ్నా కార్టా అక్కడితో చచ్చిపోవాలి. కానీ 1216 అక్టోబరులో జాన్ చనిపోయాడు. తొమ్మిదేళ్ళ కొడుకు మూడో హెన్రీకి కిరీటం పెట్టారు. పిల్లవాడి తరఫున రాజ్యం చూస్తున్న విలియం మార్షల్, తిరుగుబాటుదారులను తనవైపు తిప్పుకోవడానికి, నవంబరులో ఆ పత్రాన్నే కొన్ని క్లాజులు తీసేసి మళ్ళీ జారీచేశాడు. 1217లో ఇంకోసారి జారీచేస్తూ, అడవుల హక్కుల మీద వేరే చిన్న శాసనం ఇచ్చారు. ఆ చిన్నదాని నుంచి వేరుగా గుర్తుపట్టడానికే దీన్ని పెద్ద శాసనం, మాగ్నా కార్టా అనడం మొదలైంది. ఆ పేరులోని పెద్దరికం మొదట్లో తోలు కొలతకు సంబంధించినదే. 1225లో పెరిగి పెద్దవాడవుతున్న హెన్రీకి డబ్బు కావలసి వచ్చి, ప్రజల చరాస్తిలో పదిహేనో వంతు పన్ను తీసుకుని, బదులుగా శాసనాన్ని తన ఇష్టపూర్వకంగా ఇస్తున్నానన్న మాటతో తిరిగి ఇచ్చాడు. 1297లో అది చట్టాల పుస్తకానికి ఎక్కింది. ఆ 1297 చట్టంలో చర్చి స్వేచ్ఛ, లండన్ నగరపు హక్కులు, ముప్పై తొమ్మిది నలభై క్లాజులను కలిపిన ఇరవై తొమ్మిదో క్లాజు ఇప్పటికీ ఇంగ్లండులో అమల్లోనే ఉన్నాయి.

ఇక్కడ మా మోటుపల్లి గురించి చెప్పకుండా ఉండలేను. చీరాలకు దగ్గరలో సముద్రపు ఒడ్డున ఉన్న ఆ పాత రేవులో, వీరభద్రస్వామి ఆలయంలోని స్తంభం మీద కాకతీయ గణపతిదేవుడి అభయ శాసనం ఉంది. అది శక సంవత్సరం 1166, అంటే 1244-45 నాటిది. రన్నీమీడ్‌కు ముప్పై ఏళ్ళ లోపు తరవాతి మాట. తుఫానులో చిక్కి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నిటినీ పూర్వపు రాజులు బలాత్కారంగా తీసుకునేవారనీ, ప్రాణం కన్నా ధనమే ఎక్కువని సముద్రయానపు ఆపదకు తెగించి వచ్చే వర్తకులకు తాము మాత్రం నిర్ణీత సుంకం మినహా సమస్తం వదిలివేస్తున్నామనీ ఆ రాజు చెక్కించాడు. ఇంగ్లండు పత్రంలోని నలభై ఒకటో క్లాజు కూడా వర్తకులు అన్యాయపు సుంకాలు లేకుండా క్షేమంగా వచ్చిపోవచ్చని చెబుతుంది. ఒకే శతాబ్దంలో, ఒకరి పేరు ఒకరికి తెలియని రెండు రాజ్యాలలో, రాజు చేతికి రాజే హద్దు గీసిన రెండు శాసనాలు. చిన్నప్పటి నుంచి మోటుపల్లి స్తంభాన్ని చూసిన నాకు అది ఎప్పుడూ గర్వకారణమే.

అయితే తేడా ఎక్కడుందో ఆ నీటి తొట్టి పక్కన నిలబడినప్పుడు స్పష్టపడింది. గణపతిదేవుడు ఇచ్చింది అభయం. దయతో, కీర్తి కోసం, పుణ్యం కోసం ఇచ్చాడు. దానికి పూచీ ఆయన మంచితనమే. రన్నీమీడ్‌లో రాజు కూడా 'ఇస్తున్నాము' అనే దాతృత్వపు భాషే వాడాడు, కానీ అరవై ఒకటో క్లాజులో, మాట తప్పితే రాజు కోటలనూ భూములనూ స్వాధీనం చేసుకునే అధికారం 25 మంది ప్రభువులకు ఇవ్వవలసి వచ్చింది. ఆ ఏర్పాటు ఒక్క వేసవి కూడా నిలవలేదు, తరవాతి ప్రతుల్లో ఆ క్లాజు కనిపించదు. అయినా రాజు కూడా జవాబుదారీయే అన్న తలపు ఒకసారి తోలు మీదికి ఎక్కాక దిగలేదు. తరాల తరబడి జనం ఆ పత్రాన్ని మళ్ళీ మళ్ళీ చేతికి తీసుకుని, ఇదిగో మీ తాతగారు ఇచ్చిన మాట అని అడుగుతూ వచ్చారు. అడగడం వల్లనే అభయం హక్కయింది.

ఎవరి హక్కు అన్నది వేరే ప్రశ్న, దాన్ని దాటవేయడం నాకు ఇష్టం లేదు. 1215లో స్వతంత్రుడు అంటే అందరూ కాదు. ఇంగ్లండు జనంలో పెద్ద భాగం భూస్వామికి కట్టుబడిన పాలేరు రైతులు. యూదుల అప్పుల మీద ఆ పత్రంలోని క్లాజులు ఆ జాతి పట్ల ద్వేషాన్ని దాచుకోలేదు. 1354లో వచ్చిన ఒక చట్టం 'ఏ స్వతంత్రుడినీ' అన్న చోట 'ఏ స్థితిలో ఉన్న ఏ మనిషినీ' అని మార్చింది. విధివిహితమైన న్యాయ ప్రక్రియ అన్న మాట చట్టంలోకి వచ్చింది అప్పుడే. 1628లో న్యాయకోవిదుడు ఎడ్వర్డ్ కోక్ వంటివారు విచారణ లేకుండా జైల్లో పెట్టే రాజు మీదికి ఇదే పత్రాన్ని ఎత్తి చూపించి హక్కుల విన్నపం రాశారు. నిర్బంధించిన మనిషిని కోర్టు ముందుకు తెమ్మని అడిగే హెబియస్ కార్పస్ చట్టం 1679లో వచ్చింది.

పచ్చిక నడుమ పన్నెండు కంచు కుర్చీలు ఉన్నాయి. 2015లో, ఎనిమిది వందల ఏళ్ళు నిండిన సందర్భంలో, హ్యూ లాక్ అనే శిల్పి చేశాడు. జ్యూరీ కోసం వేసినట్టు ఎదురెదురుగా ఉన్న ఆ కుర్చీల వీపుల మీద న్యాయం కోసం జరిగిన పోరాటాల బొమ్మలున్నాయి. వాటిలో ఒకదాని మీద కొర్నేలియా సొరాబ్జీ కనిపించినప్పుడు నేను ఆ కుర్చీలోనే కూర్చున్నాను. ఆక్స్‌ఫర్డ్‌లో న్యాయశాస్త్రం చదివిన మొదటి మహిళ ఆమె. పరీక్ష రాసిన తరవాత దాదాపు ముప్పై ఏళ్ళ దాకా ఆమెకు న్యాయవాదిగా గుర్తింపు దక్కలేదు. 1923లో చట్టం వచ్చి మన దేశంలో స్త్రీలకు ఆ తలుపు తెరుచుకుంది. నేను వేసుకునే నల్లకోటుకు దారి వేసింది ఆ చట్టమే.

గుట్ట వాలులో అమెరికా న్యాయవాదుల సంఘం 1957లో కట్టించిన స్తంభాల మండపం ఉంది. దాని దగ్గరే నేను వెతుకుతున్న చెట్టు కనిపించింది. భారత ప్రధానిగా పి.వి. నరసింహారావు గారు 1994 మార్చి 16న నాటిన ఓక్ అది. కింద ఫలకం. ప్రపంచమంతటికీ స్ఫూర్తినిచ్చిన మాగ్నా కార్టాకు నివాళిగా, భారత ప్రజలు ప్రేమించి తమ రాజ్యాంగంలో పొందుపరచుకున్న స్వేచ్ఛ, ప్రజాస్వామ్యం, చట్టబద్ధ పాలన అనే విలువలకు తార్కాణంగా ఆ మొక్క నాటినట్టు దాని మీద ఉంది. లా చదివి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో న్యాయశాఖ మంత్రిగా కూడా పనిచేసిన మన వంగర మనిషి పేరు ఆ పచ్చికలో చదువుతుంటే కళ్ళు చెమర్చాయి. మనవడికి ఆయన ఎవరో, పదిహేడు భాషల దాకా వచ్చని జనం ఆయన గురించి ఎంత ముచ్చటగా చెప్పుకుంటారో చెప్పాను.

ప్రాణానికీ వ్యక్తి స్వేచ్ఛకూ రక్షణ ఇచ్చే మన రాజ్యాంగంలోని ఇరవై ఒకటో అధికరణం ఆ ముప్పై తొమ్మిదో క్లాజుకు మునిమనవరాలు. చట్టం అనుమతి లేకుండా పన్ను వేయకూడదన్న 265వ అధికరణానికీ మూలం ఇక్కడి పన్నెండో క్లాజులోనే కనిపిస్తుంది. కానీ కాగితం మీద ఉన్నంత మాత్రాన హక్కు దక్కదని మనకూ అనుభవమయింది. ఎమర్జెన్సీలో, 1976 ఏప్రిల్ 28న, నిర్బంధంలో ఉన్నవాడు హెబియస్ కార్పస్ అడగడానికి కూడా వీల్లేదని సుప్రీంకోర్టులో అయిదుగురిలో నలుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే కాదన్నారు. 1978లో నలభై నాలుగో సవరణ, ఎమర్జెన్సీలో కూడా ఇరవై ఒకటో అధికరణాన్ని నిలిపివేయకూడదని రాసింది. 2017లో సుప్రీంకోర్టు ఆ పాత తీర్పును తోసిపుచ్చింది. ఆ ఓక్ నీడలో కూర్చుని ఇవన్నీ తలుచుకుంటుంటే, నా మనసు మళ్ళీ ఆ 'డిఫెరేముస్' దగ్గరికే పోయింది.

కొన్నేళ్ళ కిందట చిన్న దొంగతనం కేసులో ఒక కూలీ మనిషికి బెయిలు వచ్చింది. జామీనుదారులు దొరకలేదు. జామీను తగ్గించమని వేసిన పిటిషన్ వాయిదా మీద వాయిదా పడుతూ పదకొండు నెలలు గడిచింది. ఒకసారి అవతలి పక్షం కౌంటర్ వేయలేదు, ఒకసారి ఫైలు దొరకలేదు, ఒకసారి నేనే వేరే కోర్టులో ఉండి వాయిదా అడిగాను. విచారణలో ఉన్న ఖైదీలకు సత్వర విచారణ హక్కు ఉందని హుస్సేనారా ఖాతూన్ కేసులో సుప్రీంకోర్టు 1979లోనే చెప్పింది, ఆ సంగతి నాకు తెలుసు. ఆలస్యం అమృతం విషం అన్న మాట ఎవరికైనా తెలుసు. ఆ మనిషి బయటికి వచ్చేసరికి అతని చిన్న కూతురు తండ్రిని గుర్తుపట్టలేదు.

తిరుగు రైలు ఎగమ్ దాటుతుండగా జూనియర్ దగ్గర నుంచి ఫోన్ వచ్చింది. మన దగ్గర అప్పటికి రాత్రి తొమ్మిదయింది. సోమవారం లిస్టులో మా బెయిలు పిటిషన్ ఉంది. ముద్దాయి ఎనభై రోజులుగా రిమాండులో ఉన్న కుర్రాడు. "మేడమ్, మీరు ఊళ్ళో లేరని చెప్పి రెండు వారాలు వాయిదా తీసుకుంటాను, మీరొచ్చాక మీరే వాదించవచ్చు" అన్నాడు. ఎప్పుడూ జరిగే పనే. నేను వెళ్ళేముందు చెప్పివచ్చింది కూడా అదే.

"వద్దు నాయనా, నా పేరు చెప్పి వాయిదా అడగవద్దు, నువ్వే వాదించు" అన్నాను. అతను కాసేపు మాట్లాడలేదు. తరవాత ఏయే తీర్పులు చూపించాలో రాసుకోవడానికి కాగితం తెచ్చుకున్నాడు. రెడింగ్ వచ్చేదాకా ఒక్కొక్కటే చెబుతూ కూర్చున్నాను.